చెదిరిన గీతల్లో దాగిన వేగం

శ్రవణా నక్షత్రం మనకు సుమారు 17 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. పాశ్చాత్యులు ఆల్టెయిర్ అని పిలిచే తార ఇదే. బరువులో సూర్యుడికి దాదాపు 1.8 రెట్లు. అంత పెద్ద వాయుగోళం తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి తీసుకునే సమయం సుమారు 8 గంటలే. సూర్యుడికి అదే పనికి మధ్యరేఖ దగ్గర 25 రోజులు పడుతుంది. సూర్యుడి మధ్యరేఖ మీది వాయువు సెకనుకు 2 కిలోమీటర్ల వేగంతో కదులుతుంటే, శ్రవణం మధ్యరేఖ మీద ఆ వేగం 300 కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంది. ఆ ధాటికి తార గుండ్రదనమే పోయింది. ధ్రువాల దగ్గర అణిగి, నడుము దగ్గర ఉబ్బింది. మధ్యరేఖ వ్యాసార్ధం ధ్రువ వ్యాసార్ధం కన్నా ఐదో వంతుకు పైగా ఎక్కువ.

ఎంత పెద్ద దూరదర్శినిలో చూసినా తార మామూలుగా ఒక చుక్కే. చుక్క తిరుగుతోందో లేదో కంటితో తేల్చే దారి లేదు. శ్రవణం నడుము ఉబ్బును అమెరికాలోని పాలొమార్‌లో ఉన్న, వేర్వేరు దూరదర్శినుల కాంతిని కలిపి చూసే ఇంటర్‌ఫెరోమీటర్ నేరుగా కొలిచింది 2001లో. ఆ తార వేగంగా తిరుగుతోందన్న సంగతి మాత్రం అంతకు దశాబ్దాల ముందే తెలుసు. దాన్ని చెప్పింది వర్ణపటం. అందులోనూ సన్నగా, స్పష్టంగా ఉన్న గీతలు కావు. చెదిరి, వెడల్పై, పక్క గీతలతో కలిసిపోయిన గీతలు.

చెదిరిన గీతను చూడగానే సమాచారం పోయిందని అనిపిస్తుంది. నిజానికి అందులో తార ముఖచిత్రమే ఉంటుంది. ఆ చిత్రాన్ని తిరిగి రాబట్టడానికి గత నూరేళ్లలో గణితం కనిపెట్టిన ఉపాయాలే ఈ అధ్యాయం విషయం.

అబ్నీ సూచన, ఫోగెల్ అభ్యంతరం

తార లోపలి కాంతి పైపొరల్లోని వాయువు గుండా బయటపడుతుంది. దారిలో ప్రతి మూలకం తనకు సరిపడే తరంగదైర్ఘ్యాల దగ్గర కొంత కాంతిని మింగేస్తుంది. వర్ణపటంలో కనిపించే నల్లని శోషణ రేఖలు అలా ఏర్పడినవే. 1877లో ఇంగ్లండుకు చెందిన విలియం అబ్నీ వీటి గురించి ఒక సూచన చేశారు. తార తిరుగుతుంటే దాని బింబంలో ఒక సగం మనవైపు వస్తుంది, రెండో సగం మన నుంచి దూరంగా పోతుంది. డాప్లర్ ప్రభావం వల్ల వచ్చే సగం కాంతి నీలం వైపు, పోయే సగం కాంతి ఎరుపు వైపు జరుగుతుంది. మనకు చేరేది రెండూ కలిసిన కాంతి కాబట్టి గీత వెడల్పుగా కనబడాలి.

వర్ణపట పరిశీలనలో ఆనాడు పేరుమోసిన జర్మన్ శాస్త్రజ్ఞుడు హెర్మన్ ఫోగెల్ ఇందుకు ఒప్పుకోలేదు. కొన్ని తారల్లో హైడ్రోజన్ గీతలు బాగా వెడల్పుగా ఉంటే, అదే తారలో మిగతా మూలకాల గీతలు సన్నగా ఉన్నాయి. కారణం భ్రమణమే అయితే అన్నీ ఒకే తీరున వెడల్పవ్వాలి కదా అన్నది ఆయన ప్రశ్న. ప్రశ్న సరైనదే. హైడ్రోజన్ గీతలను చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్లు, అయాన్ల విద్యుత్ క్షేత్రాలు వేరే కారణంతో వెడల్పు చేస్తాయని అప్పటికి ఎవరికీ తెలియదు. ఆ స్టార్క్ ప్రభావం బయటపడింది 1913లో.

గట్టి రుజువు ఒకదాన్నొకటి కప్పుకునే జంట తారల నుంచి వచ్చింది. ముందున్న తార వెనక తారను ఒక పక్క నుంచి మూయడం మొదలుపెట్టినప్పుడు, మనవైపు వచ్చే సగం మూతపడితే పోయే సగం కాంతే మిగులుతుంది. అప్పుడు గీత మొత్తం ఎరుపు వైపు జరిగినట్టు కనబడుతుంది. గ్రహణం ముగిసే వేళ అంతా తారుమారు. 1924లో రిచర్డ్ రాసిటర్ బీటా లైరే తారలోనూ, డీన్ మెక్‌లాఫ్లిన్ ఆల్గాల్ తారలోనూ ఈ తంతును స్పష్టంగా చూపించారు. 1929లో క్రిమియాలోని సిమేజ్‌లో పనిచేస్తున్న గ్రిగొరీ షైన్, అమెరికాలోని యెర్కీస్ వేధశాలలో ఉన్న ఆటో స్ట్రూవ్ కలిసి తారల భ్రమణం మీద వ్యాసం ప్రచురించారు. అక్కడి నుంచి గీత వెడల్పు చూసి వేగం చెప్పడం ఖగోళ శాస్త్రంలో నిత్యకృత్యమైంది.

బింబాన్ని పట్టీలుగా కోస్తే

ఒక తార బింబాన్ని, అందులో నిలువుగా నిలిచిన అక్షాన్ని ఊహించుకుందాం. అక్షానికి సమాంతరంగా బింబాన్ని సన్నని నిలువు పట్టీలుగా కోస్తే ఒక చక్కని సంగతి బయటపడుతుంది. ఒక పట్టీలోని బిందువులన్నిటికీ మన చూపు దిశలో వేగం ఒకటే. పట్టీ కొసన, ధ్రువం దగ్గరి వాయువు చిన్న వృత్తంలో నెమ్మదిగా తిరుగుతుంది గానీ, ఆ వేగంలో ఎక్కువ పాలు మన చూపు దిశలోనే ఉంటుంది. పట్టీ నడుమ, మధ్యరేఖ మీది వాయువు వేగంగా తిరుగుతుంది గానీ, ఆ వేగంలో కొంత మన చూపుకు అడ్డంగా పోతుంది. లెక్క కడితే రెండూ సరిగ్గా సమానమవుతాయి. తార మొత్తం ఒకే కోణీయ వేగంతో తిరిగినంత కాలం ఈ నియమం తప్పదు.

దీని అర్థం చాలా లోతైనది. ఒక గీతలో తరంగదైర్ఘ్యం వెంట ముందుకు నడవడమంటే, బింబం మీద ఒక అంచు నుంచి రెండో అంచుకు నడవడమే. చుక్కగా తప్ప కనిపించని తారను వర్ణపటం అడ్డంగా పరిచి చూపిస్తోందన్నమాట.

ఏ పట్టీ నుంచి ఎంత కాంతి వస్తుందో ఇక తేలిగ్గా చెప్పవచ్చు. అక్షం నుంచి పట్టీకి ఉన్న దూరాన్ని తార వ్యాసార్ధంలో భిన్నంగా రాసి, దాని వర్గాన్ని 1 నుంచి తీసేసి, వర్గమూలం కట్టాలి. 0.6 వ్యాసార్ధాల దూరంలోని పట్టీ పొడవు నడుమ పట్టీలో 0.8 వంతు అవుతుంది. అంచుకు చేరేసరికి సున్నా. బింబమంతా ఒకే ప్రకాశంతో ఉంటే ఈ లెక్క గీస్తే వచ్చేది అర్ధ దీర్ఘవృత్తం. నిజమైన తార బింబం నడుమ ప్రకాశవంతంగా, అంచుల్లో మసకగా ఉంటుంది. ఆ మసకను ఒక గుణకంతో కొలుస్తారు. గుణకం 0.6 అంటే అంచు ప్రకాశం నడుమ ప్రకాశంలో 0.4 వంతు. దీన్ని కలిపితే అర్ధ దీర్ఘవృత్తం అంచుల దగ్గర కాస్త సన్నబడుతుంది. ఇదే భ్రమణ రూపరేఖ.

వేడి తారల్లో పరిశోధకులు ఎక్కువగా వాడే గీత ఒకటుంది. అది 4481 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర మెగ్నీషియం అయాన్ గీసే గీత. 10,000 కెల్విన్ల వేడిలో మెగ్నీషియం పరమాణువుల సొంత గజిబిజి కదలిక సెకనుకు 2.6 కిలోమీటర్లు. అది గీతను వెడల్పు చేసేది ఆంగ్‌స్ట్రామ్‌లో ఇరవై ఐదో వంతంత. తార అంచు వేగం సెకనుకు 100 కిలోమీటర్లయితే అదే గీత ఇటు 1.5, అటు 1.5, మొత్తం 3 ఆంగ్‌స్ట్రామ్‌ల మేర పరుచుకుంటుంది. శ్రవణంలో ఈ వెడల్పు 7 ఆంగ్‌స్ట్రామ్‌లు దాటుతుంది. మింగిన కాంతి మొత్తం మారదు కాబట్టి, గీత ఎంత వెడల్పయితే అంత లోతు తగ్గుతుంది. బలహీనమైన గీతలు ఇక గీతల్లా ఉండవు. వర్ణపటంలో చిన్న పల్లాల్లా మిగులుతాయి.

సున్నా చెరగదు

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. మనకు చేరే గీతలో భ్రమణం ఒక్కటే లేదు. పరమాణువుల సొంత వెడల్పు ఉంది, వాయువు సుడుల వెడల్పు ఉంది, పరికరం తన వంతుగా కలిపిన మసక ఉంది. ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పూసుకుపోయి వస్తాయి. ఒక రూపరేఖలోని ప్రతి బిందువునూ మరో రూపరేఖ ఆకారంలో పరిచి, అన్నిటినీ కూడటాన్ని గణితంలో కన్వల్యూషన్ అంటారు. కలిసిపోయిన తర్వాత ఏది ఎవరి వాటానో విడదీయడం ఎలా?

1933లో జాన్ కారల్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు దీనికి దారి చూపారు. గీతను ఉన్నదున్నట్టు కాకుండా, దాని ఫూరియే రూపాంతరాన్ని చూడాలన్నారు. ఫూరియే రూపాంతరం ఏ వక్రరేఖనైనా వేర్వేరు పొడవులున్న అలల మొత్తంగా విడగొడుతుంది. ఏ అల ఎంత పాలు ఉందో చెబుతుంది. దీనికో గొప్ప గుణం ఉంది. అక్కడ కన్వల్యూషన్ కాస్తా మామూలు గుణకారంగా మారిపోతుంది. పరమాణువుల వంతు, భ్రమణం వంతు, పరికరం వంతు ఒకదానితో ఒకటి హెచ్చించుకుంటాయి, అంతే.

గుణకారంలో సున్నాకు ఉన్న బలం అందరికీ తెలిసిందే. దేనితో హెచ్చించినా సున్నా సున్నాగానే ఉంటుంది. భ్రమణ రూపరేఖకు నిటారైన అంచులుండటం వల్ల దాని ఫూరియే రూపాంతరం కొన్ని నిర్దిష్ట స్థానాల్లో సున్నాకు పడిపోతుంది. పరమాణువుల వేడి కదలిక, పరికరపు మసక నునుపైన గంట ఆకారాలు కాబట్టి వాటికి ఆ చోట్ల సున్నాలుండవు. అంటే కొలిచిన గీత రూపాంతరంలో సున్నా ఎక్కడ కనబడితే అది భ్రమణం పెట్టిన గుర్తే. మిగతా వాటాలు ఏమిటో తెలియకపోయినా ఆ గుర్తును చదవవచ్చు.

లెక్క దగ్గరగా చూస్తే ఇలా ఉంటుంది. అంచు మసక గుణకం 0.6 అయినప్పుడు, మొదటి సున్నా స్థానాన్ని అంచు వేగంతో హెచ్చిస్తే 0.66 వస్తుంది. అంచు వేగం సెకనుకు 100 కిలోమీటర్లయితే మొదటి సున్నా 0.0066 దగ్గర ఉంటుంది. వేగాల కొలబద్ద మీద 152 కిలోమీటర్ల పొడవున్న అల అది. ఈ అలను భ్రమణ రూపరేఖ మీద పరిచి చూస్తే, నడిమి 76 కిలోమీటర్ల మేర అల శిఖరం ఉంటుంది, రెండు పక్కలా లోయలుంటాయి. నడుమ వచ్చిన ధనసంఖ్య, రెండు పక్కల నుంచి వచ్చిన రుణసంఖ్య సరిగ్గా రద్దవుతాయి. సున్నా పుట్టేది అలా. తార ఇంకా వేగంగా తిరిగితే రూపరేఖ వెడల్పవుతుంది, రద్దు కావడానికి ఇంకా పొడవైన అల కావాలి. సున్నా ఎక్కడుందో చూస్తే చాలు, వేగం తెలిసిపోతుంది.

కెనడాలోని వెస్టర్న్ ఆంటారియో విశ్వవిద్యాలయంలో డేవిడ్ గ్రే 1970లలో ఈ పద్ధతిని పదునుపెట్టారు. 1976లో ఆయన రాసిన పాఠ్యగ్రంథం ద్వారా అది ప్రపంచమంతా పాకింది. వేగంగా తిరిగే తారలకు ఇది బాగా నప్పుతుంది. సెకనుకు 5 కిలోమీటర్లతో తిరిగే తారలో మొదటి సున్నా దాదాపు 8 కిలోమీటర్ల అల దగ్గర పడుతుంది. 50,000 విభేదన శక్తి ఉన్న మంచి వర్ణపటమాపకం కూడా 6 కిలోమీటర్ల మేర మసక కలుపుతుంది. అక్కడ సున్నా కొలతల రొదలో మునిగిపోతుంది. మరీ నెమ్మది తారలకు వేరే ఉపాయాలు కావాలి.

ఒక్క సున్నాతో కథ అయిపోదు. రెండో సున్నా స్థానాన్ని మొదటి సున్నా స్థానంతో భాగిస్తే, గట్టి బంతిలా తిరిగే తారకు 1.72, 1.83ల మధ్య సంఖ్య వస్తుంది. మసక గుణకం 0.6 అయితే 1.76. సూర్యుడు అలా తిరగడు. మధ్యరేఖ వేగంగా, ధ్రువాలు నెమ్మదిగా తిరుగుతాయి. అలాంటి తారలో ఈ నిష్పత్తి తగ్గుతుంది. జర్మనీకి చెందిన ఆన్స్‌గార్ రైనర్స్, యుర్గెన్ ష్మిట్ 2000ల తొలినాళ్లలో ఈ నిష్పత్తి ఆధారంగానే ఎన్నో తారల్లో అక్షాంశాన్ని బట్టి మారే భ్రమణాన్ని వెతికారు. చుక్కలా కనిపించే తారలో ధ్రువం, మధ్యరేఖ వేర్వేరు వేగాలతో తిరుగుతున్నాయని ఒక భాగహారం చెబుతోంది!

ఇదంతా ఒంటరిగా, శుభ్రంగా ఉన్న గీత దొరికితేనే. వేగమైన తారల్లో ఇనుము, టైటానియం, క్రోమియం గీతలు ఒకదాని మీదొకటి పడిపోయి గుంపుగా మారతాయి. 1997లో ఫ్రాన్స్‌కు చెందిన జాన్-ఫ్రాంస్వా దొనాతి, సహచరులు దీనికి ఇంకో మార్గం ప్రవేశపెట్టారు. ఏ గీత ఎక్కడ ఉండాలో, ఎంత బలంగా ఉండాలో పరమాణు భౌతికశాస్త్రం చెబుతుంది. గీతలన్నీ ఒకే రూపరేఖకు నకళ్లని అనుకుంటే వర్ణపటం మొత్తం ఒక పెద్ద సమీకరణాల గుంపవుతుంది. కనిష్ఠ వర్గాల పద్ధతిలో సాధిస్తే ఉమ్మడి రూపరేఖ బయటికి వస్తుంది. సమాన బలం గల వెయ్యి గీతలు కలిస్తే కొలత శుద్ధి దాదాపు 30 రెట్లు పెరుగుతుంది.

అభిజిత్తు దాచిన రహస్యం

ఇన్ని పద్ధతులున్నా వాటన్నిటికీ ఒక గుడ్డిచోటు ఉంది. గీత చెప్పేది అంచు అసలు వేగాన్ని కాదు. మన చూపుకూ తార అక్షానికీ మధ్య ఉన్న కోణపు సైన్‌తో ఆ వేగాన్ని హెచ్చిస్తే వచ్చే సంఖ్యను మాత్రమే. ఖగోళ శాస్త్రజ్ఞులు దీన్ని వి సైన్ ఐ అంటారు. కుమ్మరి సారెను పక్క నుంచి చూస్తే దాని అంచు మనవైపు రావడం, మన నుంచి పోవడం తెలుస్తుంది. నేరుగా పైనుంచి చూస్తే అంచు ఎంత వేగంగా తిరిగినా మనకు దగ్గరవదు, దూరమవదు. ధ్రువం మనవైపు తిరిగి ఉన్న తార కూడా అంతే. డాప్లర్ ప్రభావం దాన్ని పట్టుకోలేదు.

అభిజిత్ నక్షత్రం, అంటే వేగా, చాలా కాలం తారల ప్రకాశాన్ని కొలవడానికి ప్రామాణిక తారగా ఉంది. దాని వి సైన్ ఐ సెకనుకు 22 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. దాని తరగతి తారలు వందా నూట యాభై కిలోమీటర్లతో తిరగడం మామూలు. కాబట్టి అభిజిత్తు నెమ్మదస్తురాలని లెక్కవేశారు. కానీ అది తన తరగతి తారలకన్నా ఎక్కువ ప్రకాశంగా ఉండటం ఎవరికీ అంతుపట్టలేదు. అది ధ్రువం మనవైపు పెట్టి వేగంగా తిరుగుతున్న తార కావచ్చని 1980లలో రిచర్డ్ గ్రే అనే మరో శాస్త్రజ్ఞుడు అన్నారు.

సాక్ష్యం మళ్లీ గీత ఆకారంలోనే దొరికింది. ఆస్టిన్ గలివర్, గ్రహమ్ హిల్, సాల్ ఆడెల్‌మన్ తీసిన అత్యంత శుద్ధమైన వర్ణపటాల్లో అభిజిత్తు బలహీన గీతలు కొన్నింటికి అడుగు గుండ్రంగా లేదు, చదునుగా ఉంది. 1994లో వారు దీనికి కారణం వివరించారు.

ఆ కారణం తెలియాలంటే 1924 నాటి ఫాన్ జైపెల్ సిద్ధాంతం దగ్గరికి వెళ్లాలి. తిరిగే తారలో ఒక చోట బయటికి వచ్చే శక్తి అక్కడి గురుత్వానికి అనులోమంగా ఉంటుందని స్వీడన్‌కు చెందిన హ్యూగో ఫాన్ జైపెల్ నిరూపించారు. మధ్యరేఖ దగ్గర అపకేంద్ర బలం గురుత్వాన్ని తగ్గిస్తుంది కాబట్టి అక్కడ శక్తి తగ్గి, ఉష్ణోగ్రత పడిపోతుంది. ఉష్ణోగ్రత గురుత్వపు నాలుగో మూలాన్ని బట్టి మారుతుంది. గురుత్వం సగమైతే ఉష్ణోగ్రత 0.84 వంతు అవుతుంది. ధ్రువం 10,000 కెల్విన్లయితే మధ్యరేఖ 8,400 దగ్గర ఆగుతుంది. తర్వాతి కొలతల్లో చాలా తారలకు ఈ ఘాతం నాలుగో వంతుకన్నా కొంత తక్కువగా తేలింది గానీ, సూత్రం నిలిచింది.

అభిజిత్తును ధ్రువం వైపు నుంచి చూస్తున్నాం కాబట్టి బింబం నడుమ వేడి ధ్రువం, అంచున చల్లని మధ్యరేఖ ఉంటాయి. తటస్థ ఇనుము లాంటి గీతలు చల్లని చోట బలంగా, వేడి చోట బలహీనంగా ఏర్పడతాయి. మామూలు తారలో గీత నడిమి భాగం బాగా లోతుగా ఉంటుంది. ఇక్కడ ఆ నడిమి భాగానికి కాంతినిచ్చే వేడి ధ్రువంలో గీత బలహీనం కాబట్టి లోతు తగ్గి, అడుగు చదునైంది. ఉష్ణోగ్రతల తేడా గీత ఆకారంలో అచ్చుపడి ఉంది.

2006లో అరిజోనాలోని నౌకాదళ ఇంటర్‌ఫెరోమీటర్‌తో ఒక బృందం, మౌంట్ విల్సన్ మీది చారా ఇంటర్‌ఫెరోమీటర్‌తో మరో బృందం అభిజిత్తు బింబాన్ని నేరుగా కొలిచి ఈ చిత్రాన్ని ధ్రువపరిచాయి. అక్షం మన చూపుకు కొద్ది డిగ్రీల దూరంలోనే ఉంది. ఆ కోణం ఎంత కీలకమో చూడండి. 22 కిలోమీటర్లను 7 డిగ్రీల సైన్‌తో భాగిస్తే అసలు వేగం 180 వస్తుంది, 5 డిగ్రీలతో అయితే 252. రెండు డిగ్రీల అనుమానం వేగంలో 70 కిలోమీటర్ల తేడా తెస్తోంది. అందుకే 2006 తర్వాత వచ్చిన కొలతలు ఆ వేగాన్ని సవరిస్తూ వచ్చాయి. అయస్కాంత పరిశీలనలతో దొరికిన భ్రమణ కాలం దాదాపు 16 గంటలు.

చంద్రశేఖర్ సమీకరణం

ఒక తారకు కోణం తెలియకపోతే చేసేదేమీ లేదు. వెయ్యి తారలుంటే దారి ఉంది. అక్షాలు ఆకాశంలో యాదృచ్ఛికంగా అన్ని దిశలా చూస్తుంటాయని అనుకుందాం. అప్పుడు సగం తారలకు కోణం 60 డిగ్రీలకు మించి ఉంటుంది, అంటే వాటి వేగంలో 87 శాతానికి పైగా మనకు కనబడుతుంది. అభిజిత్తులా 7 డిగ్రీలలోపు కోణం ఉండే అవకాశం 0.75 శాతం, అంటే దాదాపు 134 తారల్లో ఒకటి.

లాహోర్‌లో పుట్టి, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, షికాగో విశ్వవిద్యాలయంలో స్థిరపడిన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ 1950లో గీడో మ్యూంక్‌తో కలిసి ఈ సమస్యను సమాకలన సమీకరణంగా రాశారు. కనిపించే వేగాల పంపిణీ ఒక వైపు, అసలు వేగాల పంపిణీ రెండో వైపు. ఇది గణితంలో ఏబెల్ సమీకరణంగా పేరున్న రకానికి చెందింది. సాధన కాగితం మీద ఉంది గానీ అందులో కొలతల వక్రరేఖను అవకలనం చేయాలి. కొలతల్లో ఉండే చిన్న చిన్న దోషాలను అవకలనం పెద్దవి చేసి చూపుతుంది.

చంద్రశేఖర్, మ్యూంక్ దానికి సులువైన పక్కదారి వేశారు. పంపిణీ మొత్తాన్ని కాకుండా దాని సగటులను తీసుకుంటే అవకలనం అక్కర్లేదు. కనిపించే వేగాల సగటును 4తో హెచ్చించి పై (π)తో భాగిస్తే అసలు వేగాల సగటు వస్తుంది. కనిపించే సగటు 118 అయితే అసలు సగటు 150. వర్గాల సగటుకైతే ఒకటిన్నరతో హెచ్చిస్తే చాలు. ఏ ఒక్క తార కోణమూ తెలియకుండానే తారల సమూహం సగటు వేగం చేతికందుతుంది. ఇప్పటికీ తారల సమూహాల భ్రమణం మీద రాసే వ్యాసాల్లో ఈ సమీకరణం కనబడుతుంది.

చంద్రశేఖర్ పని ఇంకొక రకంగానూ ఈ కథలో ఉంది. వేడి తారల అంచు నుంచి వచ్చే కాంతి ధ్రువితమై ఉండాలని ఆయన 1946లో లెక్కగట్టారు. గుండ్రని తారలో అన్ని అంచుల ధ్రువణమూ రద్దవుతుంది. భ్రమణంతో అణిగిన తారలో పూర్తిగా రద్దు కాదని 1968లో హారింగ్టన్, కాలిన్స్ చూపించారు. 2017లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు మఖా నక్షత్రంలో, అంటే రెగ్యులస్‌లో, ఆ ధ్రువణాన్ని పట్టుకున్నారు. ముక్కలైపోయే హద్దు కోణీయ వేగంలో 96.5 శాతం వేగంతో మఖ తిరుగుతోందని ఆ కొలత చెప్పింది.

ఆ హద్దు దగ్గర వెడల్పు లెక్క మోసం చేస్తుంది. మధ్యరేఖ చల్లబడి మసకబారితే, అన్నిటికన్నా వేగంగా తిరిగే భాగమే మనకు అతి తక్కువ కాంతిని పంపుతుంది. వేగం పెరిగినా గీత వెడల్పు ఇక పెద్దగా పెరగదు. రిచర్డ్ టౌన్‌సెండ్, స్టాన్లీ ఒవోకీ, ఇయన్ హోవర్త్ 2004లో దీన్ని లెక్కలతో ఎత్తిచూపారు. చుట్టూ వాయువు చక్రాలున్న బీఈ తరగతి తారల వేగాలను శాస్త్రలోకం తక్కువగా అంచనా వేస్తూ వస్తోందని వారి వాదన. అందుకే నేడు అలాంటి తారలకు ఒక సూత్రంతో సరిపెట్టరు. తార ఉపరితలాన్ని వేల చిన్న ముక్కలుగా విడగొట్టి, ప్రతి ముక్కకూ దాని ఉష్ణోగ్రత, గురుత్వం, వేగం ఇచ్చి, వచ్చే వర్ణపటాలన్నిటినీ కంప్యూటర్‌లో కూడి, అసలు వర్ణపటంతో పోల్చి చూస్తారు.

మచ్చలు, నీడలు

వేగంగా తిరిగే తారలో ఒక చల్లని మచ్చ ఉంటే? ఆ మచ్చ ఉన్న పట్టీ నుంచి వచ్చే కాంతి తగ్గుతుంది, గీతలో సరిగ్గా ఆ చోట చిన్న గడ్డ లేస్తుంది. తార తిరుగుతుంటే గడ్డ గీత నీలపు అంచు నుంచి ఎర్రని అంచుకు ప్రయాణిస్తుంది. మధ్యరేఖ దగ్గరి మచ్చ గీత మొత్తం దాటుతుంది. ధ్రువం దగ్గరిది నడుమ చోటులోనే అటూ ఇటూ కదులుతుంది. వేర్వేరు క్షణాల్లో తీసిన గీతలను కలిపి తార ఉపరితలపు పటం గీయడాన్ని డాప్లర్ చిత్రణ అంటారు. 1983లో స్టీవెన్ వోగ్ట్, డోనల్డ్ పెన్‌రాడ్ హెచ్‌ఆర్ 1099 అనే తార మచ్చలను ఇలా పటంలోకి ఎక్కించారు.

ఇక్కడ భ్రమణ వేగం అడ్డంకి కాదు, ఆస్తి. సెకనుకు 40 కిలోమీటర్లతో తిరిగే తార గీత మొత్తం వెడల్పు 80. పరికరం 6 కిలోమీటర్ల వరకు విడదీయగలిగితే బింబం మీద 13 పట్టీలు వేరుగా కనబడతాయి. నెమ్మది తారలో ఒక్కటి కూడా కనబడదు. అయితే ఒకే రకం గీతలనిచ్చే పటాలు అనేకం ఉండవచ్చు. వాటిలో కొలతలకు సరిపడుతూ, అనవసరమైన వివరం అతి తక్కువగా ఉన్న పటాన్ని ఎంచుకోవాలి. గరిష్ఠ ఎంట్రపీ పద్ధతి చేసేది అదే. కొలతలు చెప్పని మాటను పటం చేత చెప్పించకూడదన్న నిజాయితీ ఆ గణితంలో ఉంది.

తార ముందు నుంచి గ్రహం దాటినా గీతలో అలాంటి గడ్డే కదులుతుంది. 2017లో ప్రకటించిన కెల్ట్-9బి అనే గ్రహం ఇందుకు మంచి ఉదాహరణ. దాని తార ఉష్ణోగ్రత సుమారు 10,170 కెల్విన్లు, వి సైన్ ఐ సెకనుకు 111 కిలోమీటర్లు. గ్రహం పగటి వైపు వేడి 4,600 కెల్విన్లు, చాలా తారలకన్నా ఎక్కువ. ఒకటిన్నర రోజుకోసారి అది తార చుట్టూ తిరిగివస్తుంది. ఇంత వెడల్పైన గీతల నడిమి బిందువు కొద్దిగా ఊగుతోందో లేదో కొలిచి గ్రహాన్ని నిర్ధారించడం చాలా కష్టం. గీతలో పాకిన నీడ ఆ పని చేసిపెట్టింది. అంతేకాదు, నీడ నడిచిన దారిని బట్టి గ్రహం తార మధ్యరేఖ వెంట కాకుండా దాదాపు ధ్రువాల మీదుగా తిరుగుతోందని తేలింది.

ఫూరియే రూపాంతరం, కనిష్ఠ వర్గాల పద్ధతి, సమాకలన సమీకరణాలు మన బీఎస్సీ, బీటెక్ విద్యార్థులకు పాఠాలే. ఎక్కువమంది వాటిని పరీక్ష కోసం చదివి వదిలేస్తారు. యూరోపియన్ సదరన్ అబ్జర్వేటరీ లాంటి సంస్థలు తమ వర్ణపటాలను ఎవరైనా ఉచితంగా దించుకునేలా ఇంటర్నెట్‌లో ఉంచాయి. వేగంగా తిరిగే ఒక వేడి తారను ఎంచుకుని, 4481 దగ్గరి మెగ్నీషియం గీతను విడదీసి, తరంగదైర్ఘ్యాలను వేగాలుగా మార్చి, ఫూరియే రూపాంతరం కట్టి, మొదటి సున్నాను గుర్తించి, 0.66ను ఆ సంఖ్యతో భాగించడానికి మామూలు ల్యాప్‌టాప్ చాలు. ఆ తారకు ప్రచురితమైన వేగంతో తమ జవాబును పోల్చుకున్న విద్యార్థి ఆ గణితాన్ని మళ్లీ మరచిపోడు. మన కళాశాలల్లోని గణిత, భౌతికశాస్త్ర అధ్యాపకులు ఈ పనిని ప్రాజెక్టుగా పెట్టి, వచ్చే విద్యా సంవత్సరమే విద్యార్థుల చేత చేయించాలి.